చేతి పనితనానికి బ్లాకుల లెక్క చాలా, ఇంట్లో చేసే పని చూడాలా?

రాజాం అమ్మ
మా పాపకి ఏడేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల కుడి పక్క సరిగా పనిచెయ్యదు. థెరపీలో అప్పుడప్పుడు ఒక పరీక్ష పెడతారు. మధ్యలో అడ్డుపలక ఉన్న పెట్టెలో ఒక పక్క చెక్క బ్లాకులుంటాయి. ఒక్కొక్కటే తీసి రెండో పక్కకి వెయ్యాలి. నిమిషంలో ఎన్ని వేస్తే అంత స్కోరు. ఈసారి కుడిచేతి స్కోరు పెరిగిందని, బాగా ఇంప్రూవ్ అయిందని ఫైల్లో రాశారు. ఇంటికొస్తే మాత్రం ఆ చెయ్యి ఒళ్లోంచి లేవదు. బిస్కెట్ ప్యాకెట్ ఎడంచేత్తో పట్టుకుని పళ్లతో చింపుతుంది. ఇంకో మేడమ్ ఏమో ఆ లెక్క పట్టించుకోవద్దు, ఇంట్లో ఏం చేస్తోందో అదే అసలు కొలత అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఫిజియో, శ్రీకాకుళం
పట్టించుకోవద్దు అనడం సరికాదమ్మా. అది బాక్స్ అండ్ బ్లాక్ టెస్ట్. 150 బ్లాకులు, ఒక్కోటి రెండున్నర సెంటీమీటర్లు, 60 సెకన్లు. రెండు కలిపి పట్టుకెళ్లినా ఒకటిగానే లెక్క. వేళ్లు అడ్డుపలక దాటకుండా విసిరితే లెక్కలోకి రాదు. అంత కచ్చితమైన రూల్స్ ఉన్నాయి కాబట్టే నేను పెట్టిన పరీక్షనీ, విశాఖలో ఇంకొకరు పెట్టిన పరీక్షనీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

ఇంట్లో పని అంటున్నారు. మన ఇళ్లలో ఏం జరుగుతుందో చూడండి. స్కూలు ఆటో వచ్చేస్తుందని అమ్మే అన్నం కలిపి నోట్లో పెడుతుంది, బొత్తాలు నాయనమ్మ పెడుతుంది. ఇక పిల్ల చెయ్యనిది చెయ్యి రాకనా, చెయ్యనివ్వకనా? అలాంటి కొలతలో సగం ఇంటివాళ్ల తొందరే కనిపిస్తుంది.

పలాస నాన్న
మా బాబుకి మాక్స్ లెవెల్ 3 అని రాశారు. రెండేళ్లు తిప్పాక మళ్లీ చూసి 3 అనే రాశారు. మరి థెరపీ అంతా దండగేనా? ఇంకో టెన్షన్ కూడా ఉంది. చెయ్యి బాగుపడిందని రాస్తే సదరం శాతం తగ్గి పింఛను పోతుందేమోనని మా ఆవిడ ఆ ఫైలు ఎవరికీ చూపించనివ్వడం లేదు.

ఓటీ, విజయనగరం
నేను ఓటీని, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టుని, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పిస్తాను. ముందు పలాస నాన్నగారికి. థెరపీ దండగ కాదండీ. మాక్స్ అనేది ఎదుగుదలని కొలిచే స్కేలు కాదు. 4 నుంచి 18 ఏళ్ల పిల్లలు రోజువారీ వస్తువుల్ని చేతులతో ఎలా వాడుకుంటున్నారో చూసి అయిదు లెవెళ్లుగా విడదీస్తుంది, అంతే. 3 అంటే కష్టపడి చేస్తాడు, ఎవరైనా ముందు సర్ది పెట్టాలి. ఈ లెవెల్ సాధారణంగా ఏళ్ల తరబడి మారదు. అదే లెవెల్లో ఉంటూనే బాబు షర్టు తనే తొడుక్కోవడం నేర్చుకోవచ్చు. సదరం సంగతికొస్తే, ఆ శాతాన్ని డాక్టర్లు ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం విడిగా పరీక్షించి వేస్తారు. థెరపిస్టు రాసుకున్న బ్లాకుల సంఖ్య చూసి వెయ్యరు. ఆ భయంతో ఫైలు దాచేస్తే తర్వాత చూసే థెరపిస్టుకి మొదట ఎలా ఉండేవాడో తెలియదు. నష్టం బాబుకే.

ఇక అసలు ప్రశ్న. ఎదురుగా ఒకరు కూర్చుని "ఈ చేత్తోనే, గబగబా" అన్నప్పుడు ఆ చెయ్యి ఎంత చెయ్యగలదో బ్లాకుల పరీక్ష చెబుతుంది. ఇంట్లో ఎవరూ అలా అనరు కదా. ఒక పక్కే దెబ్బతిన్న పిల్లలకి రెండో చెయ్యి సిద్ధంగా ఉంటుంది, పని దానితో త్వరగా అయిపోతుంది. అందుకే పట్టు వచ్చాక కూడా బలహీనమైన చేతిని పూర్తిగా పక్కన పెట్టేసే పిల్లలు ఉంటారు. రాజాం అమ్మగారి పాప విషయంలో నాకు కనిపిస్తున్నది అదే. ఫైల్లో ఉన్నదీ నిజమే, తల్లి చూస్తున్నదీ నిజమే. తర్వాత ఏం నేర్పాలో తేల్చుకోవడానికి మాత్రం తల్లి చూస్తున్నదే ముఖ్యం అంటాను.

ఈ తేడాని పట్టుకోవడానికే స్వీడన్‌లో అసిస్టింగ్ హ్యాండ్ అసెస్‌మెంట్ తయారైంది. 2003లో ప్రచురించారు. రెండు చేతులూ కావలసిన ఆటవస్తువులు ఇచ్చి, పిల్లని ఆడుకోనిచ్చి వీడియో తీస్తారు. ఏ చెయ్యి వాడాలో చెప్పరు. బలహీనమైన చెయ్యి తనంతట తను సాయానికి వచ్చిందా, వస్తువుని ఆపి పట్టుకుందా, వదలగలిగిందా అన్నవి తర్వాత వీడియో చూసి మార్కులు వేస్తారు. ఒక పక్కే ఇబ్బంది ఉన్న పిల్లలకి నాకు తెలిసినవాటిలో ఇదే మంచి కొలత. కాకపోతే శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ పొందినవాళ్లే మార్కులు వెయ్యాలి. మన జిల్లాల్లో అందరికీ అది దొరకదు.

సార్ రూల్స్ గురించి చెప్పింది ఒప్పుకుంటాను. కానీ ఒకటి రెండు బ్లాకులు పెరగగానే ఇంప్రూవ్ అయింది అని రాయడం ఒప్పుకోలేను. పిల్ల ఆ రోజు బస్సులో నిలబడి వచ్చిందా, కుర్చీలో కాళ్లు నేలకి ఆనాయా అన్నదాన్ని బట్టే ఆ మాత్రం తేడా వచ్చేస్తుంది. వయసు పెరిగితే ఏ పిల్లకైనా స్కోరు పెరుగుతుంది. మనం పోల్చి చూసుకునే పిల్లల సగటులు కూడా 1985లో అమెరికాలో 6 నుంచి 19 ఏళ్లవాళ్లని చూసి వేసినవి.

భవిత (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) టీచర్, బొబ్బిలి
తల్లిదండ్రుల్ని అడిగి నింపే ఎబిల్‌హ్యాండ్ కిడ్స్ అని 21 పనుల ప్రశ్నావళి ఉంది. అందులో జామ్ సీసా మూత తీయడం ఒక పని! మా పిల్లల ఇళ్లలో జామ్ సీసా ఎక్కడిది? దాని బదులు చెంబుతో నీళ్లు పోసుకోవడం, చింతపిక్కలు ఏరడం, గిన్నె పట్టుకుని చోడి అంబలి తాగడం పెడితే ఏం పోయింది?

ఫిజియో, శ్రీకాకుళం
అలా మారిస్తే ఆ స్కోరుకి అర్థం పోతుంది మేడమ్. ఏ పని ఎంత కష్టమో లెక్కగట్టి ఆ 21 పనుల్ని ఒక కొలబద్ద మీద పేర్చారు. జామ్ సీసా తీసేసి చెంబు పెడితే, చెంబు ఎంత కష్టమో ఇక్కడి పిల్లల మీద మళ్లీ లెక్కగట్టాలి. ఇంకో సంగతి, ఆ ప్రశ్నావళి ఏ చేత్తో చేసిందని అడగదు. సాయం లేకుండా చెయ్యగలదా, చేస్తే తేలిగ్గానా కష్టంగానా అన్నదే చూస్తుంది. పాప పళ్లతో ప్యాకెట్ చింపినా అందులో మార్కు వస్తుంది, కుడిచెయ్యి కదలకుండానే.

ఓటీ, విజయనగరం
సార్ చెప్పింది కరెక్టే, రెండోది మరీ ముఖ్యం. అయినా టీచర్ గారి జాబితాని వదలొద్దు. ఆ పనుల్ని స్కోరుగా కాకుండా పిల్లకి పెట్టుకునే లక్ష్యాలుగా రాసుకుందాం. అంబలి గిన్నె రెండు చేతులతో పట్టుకుని ఒలకకుండా తాగాలి అన్నది రాసుకుంటే మూడు నెలల తర్వాత తాగుతోందో లేదో అమ్మా చూస్తుంది, నేనూ చూస్తాను. ఎవరితోనూ పోల్చక్కర్లేదు, పాత తనతోనే పోలిక.

ఫిజియో, శ్రీకాకుళం
లక్ష్యాలుగా అయితే నాకు అభ్యంతరం లేదు. క్యాంపు రోజున మాత్రం బ్లాకుల పెట్టె మానను. వరండా నిండా పిల్లలుంటే అందరికీ పెట్టగలిగేది అదొక్కటే.

రాజాం అమ్మ
అయితే ఇంట్లో ఫోన్‌తో వీడియో తీసి పట్టుకెళ్తే పనికొస్తుందా? ఎలా తియ్యాలి?

ఓటీ, విజయనగరం
చాలా పనికొస్తుందమ్మా. దానికి మార్కులు వెయ్యలేం గానీ, చెయ్యి ఎక్కడ ఆగిపోతోందో కనిపిస్తుంది. పాపని కాళ్లు నేలకి ఆనేలా కూర్చోబెట్టండి. బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి. ఫోన్ ఎదురుగా ఆనించి పెట్టండి, రెండు చేతులూ ఫ్రేములో ఉండాలి. మూత ఉన్న డబ్బాలో పాపకి ఇష్టమైనది ఏదైనా వేసి ఇవ్వండి. కుడిచెయ్యి వాడమని అనొద్దు, ఇంట్లో ఇంకెవర్నీ అననివ్వొద్దు. కష్టపడుతున్నా కాసేపు ఆగండి, వెంటనే అందుకోవద్దు. మళ్లీ తీసేటప్పుడు అదే బల్ల, అదే డబ్బా, పొద్దున తీస్తే మళ్లీ పొద్దునే.