పక్షవాతం వచ్చి ఏడు వారాలు: పర్లాకిమిడి దగ్గర రోజూ ఫిజియో ఎక్కడ?

మా మామగారికి 73 ఏళ్లు. ఏడు వారాల కిందట మెదడులో రక్తనాళం మూసుకుపోయి కుడి పక్క పడిపోయింది. బీపీ ఇప్పుడు 130/80 దగ్గర ఉంటోంది. పట్టుకుంటే పది అడుగులు వేస్తారు గానీ పాదం ముందుభాగం నేలకి ఈడుస్తోంది. గుప్పిట బిగుసుకుపోతోంది. చొక్కా తొడిగేటప్పుడు చెయ్యి కిందికి వదిలేస్తే భుజం గూడు దగ్గర వేలు పట్టేంత సందు తగులుతోంది. మనం చెప్పేది అర్థమవుతుంది, తిరిగి చెప్పలేరు.

దగ్గర్లో ఫిజియో వారానికి ఒక్కరోజే దొరుకుతున్నారు. మిగతా రోజులు ఇంట్లోనే రెండు పూటలా 20 నిమిషాలు చేయిస్తున్నాం. దూలానికి కప్పీ కట్టి చెయ్యి పైకి లాగిస్తే నాలుగు రోజులకే భుజం నొప్పి ముదిరింది (జారిన భుజానికి అది అసలు చేయించకూడదు, ఆలస్యంగా తెలిసింది). ఇప్పుడు కూర్చున్నప్పుడల్లా మోచేతి కింద దిండు, పాదానికి ఏఎఫ్ఓ పట్టీ (పాదం కిందికి వాలకుండా నిలిపి ఉంచేది). బరంపురం రోజూ తిప్పలేం. 70 దాటినవాళ్లకి ఉచిత వైద్యం కోసం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, కానీ అది ఆసుపత్రిలో చేరితేనే. రోజూ వచ్చిపోయే ఫిజియోకి పనికిరాదు. కోలుకోవడం మొదటి మూడు నెలల్లోనే జోరుగా ఉంటుంది, అందుకే ఈ తొందర.

పాతపట్నం, టెక్కలి, శ్రీకాకుళం వైపు గానీ గుణుపురం వైపు గానీ, ఒడిశాలో తీసిన ఈ కార్డు మీద రెండు మూడు వారాలు చేర్చుకుని రోజూ ఫిజియో, తెలుగులో స్పీచ్ థెరపీ ఇచ్చే ఆసుపత్రి ఏది?