అంబాసిడర్ మార్క్ 2 ఎస్టేట్ వెనక కమాన్ కట్టలు: సెడాన్ సెట్టు వేయొచ్చా, కొత్తవి చేయించాలా?

నల్లకుంట_ఎస్టేట్
మార్క్ 2 ఎస్టేట్ (వెనక సామాను చోటు కారు లోపలికే కలిసి ఉండే రకం). వెనక ఎడమవైపు కమాన్ కట్టలో (లీఫ్ స్ప్రింగులో) అన్నిటికన్నా పొడుగైన మెయిన్ పట్టీ సరిగ్గా పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు బెజ్జం దగ్గర అడ్డంగా విరిగింది. కుడి కట్ట విరగలేదు గానీ దాదాపు తిన్నగా అయిపోయింది, బంప్ రబ్బరుకీ (యాక్సిల్ బాడీకి కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ) యాక్సిల్‌కీ మధ్య వేలు కూడా దూరట్లేదు. హైదరాబాద్ పుత్లీబౌలి స్పేర్ పార్టుల బజారులో సెడాన్ (మామూలు డిక్కీ కారు) కట్టలే ఉన్నాయి, "అంబాసిడర్‌దే కదా సార్, కూర్చుంటది" అంటున్నారు. ఆటోనగర్‌లోనేమో ఒక్క మెయిన్ పట్టీ కొత్తది వేసి, మిగతావి గ్యాస్ మీద కాల్చి వంపు తీసిస్తామంటున్నారు. ఏది మేలు? కొత్తగా చేయించాలంటే ఏమేం కొలతలు ఇవ్వాలి?

కమాన్_కొలత
కారు పేరు చెప్పి కట్ట కొనకండి, కొలత చెప్పి కొనండి. సెడాన్ కట్ట బోల్టులకు కూర్చున్నా, ఎస్టేట్ వెనక భాగం ఖాళీగానే బరువెక్కువ. నలుగురెక్కి సామాను పెడితే మళ్లీ బంప్ రబ్బరు తగులుతుంది. పైన ఒక పట్టీ అదనంగా వేస్తామంటారు, అదెంత గట్టిదో లెక్క లేకుండా వేస్తే ఊహే.

కొలతలివి. మెయిన్ పట్టీ రెండు కళ్ల (చివర్లలో చుట్టిన రింగుల) మధ్య దూరం వంపు వెంబడి టేపు పెట్టి తీయండి. సెంటర్ బోల్టు నుంచి ముందు కంటికి, వెనక కంటికి విడివిడిగా రాసుకోండి; రెండూ సమానమని అనుకోవద్దు, తిరగేసి బిగిస్తే చక్రం ఆర్చ్ మధ్యలో నిలవదు. కన్ను లోపలి వ్యాసం, ప్రతి పట్టీ పొడవు, వెడల్పు. మందం మాత్రం వెర్నియర్‌తో, తుప్పు, అరుగుదల లేని చోట తీయాలి.

మందం మీద ఎందుకింత పట్టు అంటే, పట్టీ గట్టిదనం (బరువుకు వంగకుండా నిలిచే గుణం) మందం ఘనంతో (మందం × మందం × మందం) పెరుగుతుంది. పాతవి అంగుళాల లెక్కలో ఉంటాయి, బజారులో దొరికేవి మిల్లీమీటర్లలో. మీది పావు అంగుళం, అంటే 6.35 మి.మీ. అనుకుందాం. 6 మి.మీ. వేస్తే ఆ పట్టీ 16 శాతం మెత్తన, 7 వేస్తే 34 శాతం గట్టిది. కట్టలో ఆరు పట్టీలుంటే, పొడవులు మార్చకుండా నాలుగు 6 మి.మీ., రెండు 7 మి.మీ. కలిపితే మొత్తం గట్టిదనం పాతదానికి ఒక శాతం తేడాలో వచ్చేస్తుంది. ఈ లెక్క వేసే షాపు అరుదు, మీరే కాగితం మీద రాసి ఇవ్వండి.

బాలానగర్_టెంపర్
గ్యాస్ మీద కాల్చి సుత్తితో వంపు తీయడం ఒప్పుకోకండి. ఎర్రగా కాల్చి గాలికి వదిలేస్తే టెంపర్ (వంగినా మళ్లీ వెనక్కొచ్చే స్ప్రింగు గుణం) పోతుంది, కొన్ని వారాల్లో మళ్లీ కుంగుతుంది. నీళ్లలో ముంచితే పెళుసెక్కి ఏదో గుంతలో విరుగుతుంది. స్ప్రింగ్ స్టీలు, అంటే ఈఎన్ 45 లాంటిది, దాదాపు 900 డిగ్రీల దగ్గర వేడి చేసి నూనెలో చల్లార్చి, తర్వాత పెళుసు తగ్గేలా 450–500 డిగ్రీల్లో మళ్లీ వేడి చేసి టెంపరింగ్ చేయాలి. ఉక్కు కాఠిన్యం కొలిచే రాక్‌వెల్ సి స్కేలు మీద 40–45 మధ్య రావాలి. బాలానగర్ ఇండస్ట్రియల్ ఏరియాలో హీట్ ట్రీట్‌మెంట్ షాపులున్నాయి, రీడింగు రాయించుకోండి. షాట్ పీనింగ్ (చిన్న ఉక్కు గుళ్లతో పైపొరను కొట్టి బలపరచడం) చేయించగలిగితే పట్టీ లోవంపు వైపు చేయించాలి. బరువు పడ్డప్పుడు సాగేది అదే.

పాత పట్టీల మీద ఒక్క కొత్త మెయిన్ పట్టీ అసలు వేయొద్దు. కట్టలో పొట్టి పట్టీలకు వంపు ఎక్కువుండాలి, బిగించాక అవి మెయిన్ పట్టీని కింది నుంచి ఆనుకుంటాయి. కుంగిపోయిన పట్టీల మీద కొత్తది పెడితే బరువంతా దాని మీదే. పైగా ఒకవైపు మారిస్తే రెండోవైపూ మార్చాల్సిందే.

నల్లకుంట_ఎస్టేట్
థాంక్స్ అన్నా. ఒక చిక్కుంది. ఒకటి విరిగింది, ఒకటి కుంగింది. అసలు వంపు ఎంతుండేదో ఎలా తెలుస్తుంది?

కమాన్_కొలత
వంపు పోయినా గట్టిదనం పోదు, కుడి కట్ట అందుకు పనికొస్తుంది. గేజీ ఉన్న ప్రెస్ కింద పెట్టి 100 కిలోల చొప్పున పెంచుతూ ఎన్ని సెంటీమీటర్లు దిగుతోందో చూడండి. తర్వాత ఫుల్ ట్యాంకుతో వెనక చక్రాలు మాత్రమే ధర్మకాంటా (వే బ్రిడ్జి) మీద నిలిపి తూకం వేయించండి. ఉదాహరణకు 560 కిలోలొచ్చింది, అందులో యాక్సిల్, చక్రాలు, బ్రేకులు 100 అనుకుంటే ఒక్కో కట్ట మీద 230. సెంటీమీటరుకు 20 కిలోల గట్టిదనం ఉంటే 11.5 సెం.మీ. దిగుతుంది. బండి నిలబడ్డప్పుడు ఎంత వంపు మిగలాలనుకుంటే అంత దానికి కలపండి, అదే కొత్త కట్టకు బరువు లేనప్పుడు ఉండాల్సిన విడి వంపు. ఆశకు పోయి ఎక్కువ పెట్టిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌ను తిప్పే రాడ్డు) కోణం మారి వణుకు మొదలవుతుంది, బ్రేక్ హోస్ కూడా లాగుతుంది.

యూబోల్టు
ఎందుకు విరిగిందో ఎవరూ చెప్పలేదు. సెంటర్ బెజ్జం దగ్గర విరిగిందంటే అనుమానం ముందు కట్టను యాక్సిల్‌కి బిగించే యూ బోల్టుల మీదే. అవి వదులైతే బెజ్జం దగ్గర పట్టీ ఆడుతుంది, బలహీనమైన చోటు అదే. కంటి దగ్గర విరిగితే షాకిల్ (కట్ట వెనక కంటిని బాడీకి కలిపే, ఊగే లింకు) గానీ కంటిలోని బుష్ గానీ పట్టేసిందని అర్థం. కాబట్టి యూ బోల్టులు, నట్లు కొత్తవే వేయండి. థ్రెడ్ గేజీతో చూసి కొనాలి, అంగుళాల థ్రెడ్ మీద మిల్లీమీటరు నట్టు బలవంతంగా ఎక్కించొద్దు.

బిగించేటప్పుడు: దీనికి విడి చాసిస్ లేదు, కాబట్టి స్టాండ్లు పలుచని రేకు కింద పెట్టకుండా ముందు హ్యాంగర్ (కట్ట ముందు కన్ను బాడీకి తగిలే బ్రాకెట్) దగ్గరి గట్టి బాక్సు కింద పెట్టండి. అక్కడే స్క్రూడ్రైవరుతో పొడిచి తుప్పు చూసుకోండి, హ్యాంగర్ పుచ్చితే కొత్త కట్ట దండగ. యాక్సిల్‌ను జాకీ మీద ఆపాలి, బ్రేక్ హోస్‌కి వేలాడనీయొద్దు. సెంటర్ బోల్టు తల యాక్సిల్ ప్యాడ్ బెజ్జంలో దిగిందో లేదో చూశాకే యూ బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. రబ్బరు బుషుల బోల్టులు మాత్రం బండి చక్రాల మీద నిలిచాకే చివరి బిగింపు. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి రెండువైపులా టేపు పెట్టి దూరం సమానంగా ఉందో లేదో చూడండి. 100 కి.మీ. తర్వాత ఒకసారి, 500 తర్వాత మరోసారి యూ బోల్టులకు పానా వేయాలి. చాలామంది ఎగ్గొట్టేది ఇదే.

బాలానగర్_టెంపర్
ఇంకొకటి. హ్యాంగర్లు కోసి జీపు కట్ట ఎక్కిద్దామని ఎవరైనా అంటే వినకండి. 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ కోసం 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. పాత కొలతలకే కట్ట చేయిస్తే ఆ గొడవ లేదు. విరిగిన పట్టీ ముక్కలు మాత్రం పారేయకండి, పొడవులు సరిచూసుకోవడానికి షాపుకు తీసుకెళ్లండి.