మా ఇంటి ఆనవాయితీలు రాసిపెట్టాలి, ఏది రాయాలి? (1593 నాటి ఒక పుస్తకం చూశాక)

దేవరకొండ టీచర్:
అందరికీ నమస్తే. నేను దేవరకొండ దగ్గర సర్కారు బడిలో తెలుగు చెప్తాను. మొన్న రాత్రి ఒక పాత పుస్తకం స్కాన్ పేజీలు చూస్తూ ఒంటిగంట దాకా కూర్చున్నాను. 1593లో వెనిస్‌లో అచ్చయిన యూదుల ‘మిన్హాగిమ్’, అంటే ఆనవాయితీల పుస్తకం. భాష యిడ్డిష్ (యూరప్ యూదులు ఇంట్లో మాట్లాడుకునే భాష), లిపి హీబ్రూ. నాకు ఒక్క అక్షరం రాదు. కానీ చెక్క దిమ్మెలతో అచ్చేసిన బొమ్మలున్నాయి. పస్కా (ఇంట్లో పులిసినదేదీ ఉండకూడని యూదుల పండుగ) ముందు రాత్రి దీపం పట్టుకుని, ఇంట్లో పులిసిన రొట్టె తునక ఎక్కడైనా మిగిలిందా అని వెతికి, ఈకతో ఊడ్చే బొమ్మ దగ్గర ఆగిపోయాను. మా నాయనమ్మ ఎంగిలిపూల ముందు రోజు గుమ్మి కింద, పొయ్యి వెనక అట్లాగే వంగి ఊడ్చేది.

ఆమె పోయి మూడేండ్లయింది. ఆరో రోజు, అలిగిన బతుకమ్మ నాడు, గడప మీద ఒక ముద్ద పెట్టి ఏవో నాలుగు మాటలు అనేది. ఆ మాటలు ఇప్పుడు ఎవరికీ రావు. ముద్ద ఏ పిండిదో కూడా మా చిన్నమ్మ ఒకటి చెప్తుంది, మేనత్త ఇంకొకటి. ఏది రాయాలి? ఇట్లాంటి వంటింటి సంగతులు అసలు రాయదగ్గవేనా?

అచ్చంపేట పాఠకుడు:
టీచరమ్మా, తప్పకుండా రాయదగ్గవే. మీరు చూసినదానికి మూలం ఆస్ట్రియాకు చెందిన రబ్బీ (యూదుల మతగురువు) ఐజాక్ టిర్నా 1400 ప్రాంతంలో హీబ్రూలో రాసినది. 1348-49 ప్లేగు, ఆ రోజుల్లో యూదుల మీద జరిగిన దాడులు ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేశాయి. ఆచారం నిజంగా తెలిసినవాళ్లు ఒక్కో ఊళ్లో ఇద్దరు ముగ్గురికి మించి కనబడలేదని ఆయన ముందుమాటలో రాసుకున్నాడు. అందుకే కలం పట్టాడు. అది మొదటిసారి అచ్చయింది 1566లో, వెనిస్‌లోనే. ఆ తర్వాతే హీబ్రూ రాని ఆడవాళ్లకు, మామూలు మగవాళ్లకు అందేలా యిడ్డిష్‌లోకి తెచ్చారు, బొమ్మలు వేశారు.

ఇంకో మాట. ఆ పుస్తకాల్లో ఫలానా చోట ఇట్లా, ఇంకో చోట అట్లా అని రెండూ ఉంటాయి. మీ చిన్నమ్మ మాటా రాయండి, మేనత్త మాటా రాయండి. ఎవరు చెప్పారో, ఏ ఊరో పక్కనే వేయండి.

వనపర్తి పంచాంగం:
ఆ బొమ్మల్లో నెలకో రాశి కూడా ఉంటుంది, గమనించారా? వాళ్లవీ చాంద్రమాసాలే. మనకు అధికమాసం వచ్చినట్టే వాళ్లకూ 19 ఏండ్లలో 7 సార్లు అదనపు నెల వస్తుంది. మీరూ నెలల వరసలోనే రాయండి, చైత్రం నుంచి. ఏది మరిచిపోయారో ఖాళీ నెల చూడగానే తెలుస్తుంది.

మిర్యాలగూడ:
ముందు ఫోన్‌లో రికార్డ్ చేయండి అక్కా. రాత తర్వాత. పెద్దవాళ్లు పని చేస్తూ చెప్తేనే మాటలు గుర్తుకొస్తాయి. మా అమ్మను కూర్చోబెట్టి అడిగితే ఏమీ చెప్పలేదు, పూలు పేరుస్తుంటే అన్నీ చెప్పింది.

దేవరకొండ టీచర్:
అందరికీ దండాలు. నిన్న చింతపల్లిలో ఉన్న మేనత్తకు ఫోన్ చేశాను. సజ్జపిండి ముద్దనే అంటుంది, చిన్నమ్మ బియ్యప్పిండి అంటుంది. రెండూ నోట్‌బుక్కులో ఎక్కించాను. ఆ నాలుగు మాటల్లో మొదటిది మాత్రం అత్తకు గుర్తుంది: “అలిగి పోకు తల్లీ.” మిగతా మూడింటి కోసం ఆదివారం పొద్దున బస్సుకు పోతున్నాను. పిండి కూడా పట్టుకెళ్తాను, అత్త చేతికిచ్చి అడుగుతాను.