శుక్లాల ఆపరేషన్‌కి డీబీఎస్ ఆపాలా, వద్దా?

పర్లాకిమిడి అబ్బాయి: నాన్నకి పార్కిన్సన్స్. వణుకు తగ్గించడానికి మెదడుకి సన్న కరెంటు ఇచ్చే డీబీఎస్ మెషీన్ పెట్టారు: మెదడులో తీగలు, ఛాతీ పైన చర్మం కింద బ్యాటరీ ఉన్నాయి. ఇప్పుడు శుక్లాలు ముదిరాయి. కంటి డాక్టరు మెషీన్ ఆపించుకు రమ్మంటున్నారు. ఆపితే నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. ఏం చెయ్యమంటారు?

రాయగడ సత్యం: ఆపాల్సిందే. నేను ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ని. రక్తం ఆపడానికి కాటరీ, అంటే కరెంటుతో కాల్చే పరికరం, పెడతాం. ఆ కరెంటు తీగలోకి పాకితే మెదడు కాలుతుంది.

బరంపురం లక్ష్మి: సత్యంగారూ, అది ఒంటికి ప్లేటు అంటించి వాడే మోనోపోలార్ సంగతి. కంటికి బైపోలార్ చాలు, కరెంటు పట్టకారు రెండు మొనల మధ్యే తిరుగుతుంది. శుక్లాన్ని పగలగొట్టే ఫేకో సూది సెకనుకి 40,000 సార్లు అదిరినా పగిలేది శుక్లమే. చేత్తో చేసే చిన్న కోత ఆపరేషన్‌లో అదీ ఉండదు. డీబీఎస్ ఉన్నవాళ్ళకి ససేమిరా వద్దనేది ఫిజియోథెరపీ వాళ్ళు ఒంటి లోపలికి వేడి పంపే డయాథర్మీ. మెషీన్ ఆపి, కన్ను మొద్దుబార్చే చుక్కల మందుతో చేస్తూంటే తల ఊగింది, అప్పుడో? లెన్సు వెనక పొర చిరిగితే?

రాయగడ సత్యం: కాటరీ కాటరీయే అమ్మా. అంత భయమైతే వైజాగ్ తీసుకెళ్ళమనండి, పోయేదేముంది?

కాశీనగర్ రాజు: మా మావయ్యదీ ఇదే సమస్య. చూస్తున్నా.

బరంపురం లక్ష్మి: పోయేదేముందా? మా అమ్మకీ డీబీఎస్ ఉంది. ఆ మాట వినగానే ఒకచోట డాక్టరు ఆమె ఫైలు మూసి "పెద్దాసుపత్రికి పొండి" అన్నారు. కనీసం కళ్ళల్లో లైటేసి చూడలేదు. ఆ చూపుతోనే గడప తట్టుకుని పడింది, తుంటి విరిగింది. ఇప్పుడు మంచం దిగలేకపోతోంది. మీలాంటి వాళ్ళ మాటల వల్లే ఇదంతా!

రాయగడ సత్యం: నన్నంటారేం? ఏదైనా అయితే జనం మా కాలర్ పట్టుకుంటారు. మా దగ్గర న్యూరో డాక్టరు లేడు, డీబీఎస్ మెషీన్ రిమోట్ వాడడం ఎవరికీ రాదు. సంతకం ఎవరు పెడతారు?

బరంపురం లక్ష్మి: ఆ సంతకం మాట మొదటే చెప్పాల్సింది, కాటరీ మీద ఇంతసేపు కొట్టుకున్నాం. అబ్బాయీ, మెషీన్ పెట్టిన డాక్టరు చేత రాయించు: ఆపాలా, నడపాలా, ఏ కాటరీ వాడాలి, ఈసీజీలో పిచ్చిగీతలొస్తే ఏం చెయ్యాలి. రిమోట్ వెంట ఉంచుకో. పార్కిన్సన్స్‌కి వేసుకునే లెవోడోపా మాత్ర ఆ పూట తప్పనివ్వకు. అయ్యాక మెషీన్ చెక్ చేయించు.

రాయగడ సత్యం: కాగితం తెస్తే మా సర్‌కి నేనే చూపిస్తా. ఆపమని రాస్తే మాత్రం ఆపాలి.

బరంపురం లక్ష్మి: ఆపండి, నేనొద్దనను. చూడకుండా తిప్పి పంపొద్దు.

పర్లాకిమిడి అబ్బాయి: మెషీన్ కార్డు దొరికింది, రేపు న్యూరో వాళ్ళకి ఫోన్ చేస్తా. తల నిలవకపోతే పూర్తి మత్తులో చెయ్యొచ్చేమో కూడా అడుగుతా.

రాయగడ సత్యం: అడుగు. నా మట్టుకు నాకు ఆపడమే మేలు.