వయట్ ఆఖరి పాదం: కైండ్లీయా, అన్‌కైండ్లీయా?

వానకోకిల: ఒక పాత ఇంగ్లీషు పద్యం పీకుతోంది. 'హౌ లైక్ యూ దిస్' అని ఆఖర్న వస్తుంది. ఒకప్పుడు చెప్పుల్లేని కాళ్లతో గదిలోకొచ్చి చేతిలో రొట్టె తిన్నవాళ్లు ఇప్పుడు తప్పించుకు తిరుగుతున్నారని బాధ. ఎత్తుగడ గుర్తు లేదు. తొలి పాదాల సూచికలు (పద్యాలను తొలి పాదం అక్షరక్రమంలో చూపే జాబితాలు) ఎత్తుగడ తెలిసినవాళ్లకే కదా! ఆఖరి పాదాలతో వేసింది ఏదైనా ఉందా?

తాటాకు: 'దే ఫ్లీ ఫ్రమ్ మీ', ఇంగ్లీషు కవి వయట్‌ది. ఆ మాట ఆఖర్న కాదండీ, రెండో చరణం చివర. కవి ప్రియురాలు కౌగలించుకుని మెల్లగా అడిగేది.

యతిమైత్రి: రెండుచోట్లా ఉంది తాటాకు గారూ. వయట్ పోయింది 1542లో. 1557లో టాటెల్ అచ్చేసిన సంకలనంలో చివరి పాదం 'హౌ లైక్ యూ దిస్, వాట్ హాత్ షీ నౌ డిజర్వ్‌డ్'. వయట్ సొంత పద్యాలున్న ఎగర్టన్ రాతప్రతిలో 'ఐ వుడ్ ఫెయిన్ నో వాట్ షీ హాత్ డిజర్వ్‌డ్' (ఆవిడకేం తగునో తెలుసుకోవాలనుంది). కోకిల గారు చదివింది టాటెల్ పాఠం.

పాతపుస్తకాలు: చివరి పాదం సరే, అసలు గొడవంతా దాని పైపాదంలో. ఎగర్టన్‌లో 'బట్ సిన్స్ దట్ ఐ సో కైండ్లీ యామ్ సర్వ్‌డ్' (నన్నింత దయగా చూసింది కనక), టాటెల్‌లో 'సో కైండ్లీ' బదులు 'అన్‌కైండ్లీ సో'. ఆ ఒక్క 'అన్' చేరేసరికి వ్యాజస్తుతి (పొగిడినట్టే తిట్టడం) కాస్తా వట్టి ఫిర్యాదైపోయింది.

యతిమైత్రి: వ్యాజస్తుతి ఒక్కటేనా? అప్పట్లో 'కైండ్' అంటే జాతి, స్వభావం కూడా. 'తన జాతిబుద్ధి చూపించింది' అని ఎత్తిపొడుపు. మొదటి చరణమంతా మచ్చికైన జంతువుల మాటే కదా.

తాటాకు: అర్థం సంగతి తర్వాత, ముందు అక్షరాలు లెక్కెట్టండి. ఎగర్టన్‌లో 'కైండెలీ', 'సర్వెడ్' అని రెండింటినీ సాగదీస్తే పదకొండు. రెండింటినీ కుదిస్తే తొమ్మిది. టాటెల్ పాఠంలో నికరంగా పది. యతి తప్పిందని మనవాళ్లు తాళపత్రాన్ని దిద్దలేదూ, టాటెల్‌లో జరిగిందీ అదే పని.

పాతపుస్తకాలు: 'కైండ్లీ' కుదించి 'సర్వెడ్' సాగదీయండి, ఎగర్టన్‌లోనూ పదే! దిద్దాల్సిన పనేముంది?

వానకోకిల: అయ్యా, నేనడిగింది సూచిక గురించి :) ఇవి ఒక పద్యం కింద లెక్కా, రెండా?

యతిమైత్రి: ఒకటే, తొలి పాదం కలిసింది కాబట్టి. ఆఖరి పాదంతో వరుస కడితే మాత్రం ఒకటి 'హెచ్' కింద, ఒకటి 'ఐ' కింద పడేవి. మార్గరెట్ క్రమ్ 1969లో ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయం రాతప్రతులకు వేసిన సూచికలో ఆఖరి పాదాలూ ఇచ్చింది కానీ, వరుస తొలి పాదానిదే.

పాతపుస్తకాలు: ఆఖరి పాదం అక్కరకొచ్చేది మొదటి ఆకు చిరిగినవాటికి. మధ్యయుగపు ఇంగ్లీషు పద్యాలకు వేసిన 1943 నాటి బ్రౌన్–రాబిన్స్ సూచికలో అలాంటి తల లేని పద్యాలకి నక్షత్రం గుర్తు పెట్టి ముందే విడిగా కూర్చోబెట్టారు.

గంటం: మనకా బెడద లేదు. ప్రాసాక్షరం, అంటే ప్రతి పాదంలోనూ ఒకటే ఉండే రెండో అక్షరంతో సూచిక వేస్తే ఏ పాదం గుర్తున్నా పద్యం చిక్కుతుంది. ఎవరూ ఎందుకు వెయ్యరో!

తాటాకు: కందానికీ వృత్తాలకీ సరే. ఆటవెలదికి ప్రాస నియమమే లేదు, వేమన్నను ఎక్కడ పెడతారు? ఆఖరి పాదంతో వెతుకుదామంటే అన్నీ 'విశ్వదాభిరామ' దగ్గరే తేలతాయి.

గంటం: వేమన్నకి వేరే సంపుటం వేద్దాం. మీ వయట్‌కైతే అంత్యప్రాస చాలు, సర్వ్‌డ్–డిజర్వ్‌డ్ రెండు పాఠాల్లోనూ అలాగే ఉంది.

యతిమైత్రి: ఆ ప్రాసతో ఆ కాలంలో ఎన్ని పద్యాలుంటాయో ఊహించారా? అదలా ఉంచండి. తాటాకు గారూ, 'కైండెలీ' మూడక్షరాలేనని ఎలా అంటారు? రాతలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం ఉన్నంత మాత్రాన పలికినట్టా?