హ్మాంగ్, లాట్వియన్: రెండింట్లోనూ మాట చివరి అక్షరం దగ్గరే ఎందుకు తడబడుతున్నాను?

ప్రశ్న: రీగా_నుంచి_సెయింట్‌పాల్

లాట్వియా రాజధాని రీగాలో రెండేళ్లు చదువుకున్నాను. అప్పుడు లాట్వియన్ ఇష్టపడి నేర్చుకున్నాను. ఇప్పుడు మిన్నెసోటాలో, సెయింట్ పాల్‌లో ఉంటున్నాను. 1975 తర్వాత లావోస్ నుంచి వచ్చి స్థిరపడిన హ్మాంగ్ కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. మా పక్కింట్లో ఒక బామ్మగారు ఉన్నారు, ఆవిడ మనవరాలు నాకు వారానికి రెండుసార్లు తెల్ల హ్మాంగ్ మాండలికం నేర్పిస్తోంది.

లాట్వియన్‌లో కుక్కను 'సున్స్' అంటారు. కుక్కను చూశానంటే 'సుని', కుక్కకు పెట్టానంటే 'సునిమ్'. చివరి అక్షరం మీద కన్నేసి ఉంచితే వాక్యం సగం అర్థమైపోతుంది. ఆ అలవాటుతోనే హ్మాంగ్‌లోకి దిగాను. అక్కడ కుక్క అంటే 'దే'. దాని ముందు వచ్చే చిన్న మాటను టి-యు-ఎస్ అని రాస్తారు. నేను ఎస్‌ను గట్టిగా పలికాను. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపి, గొంతు కిందికి దించి 'తు' అంది. ఎస్ పలకడానికి కాదట, స్వరం (అంటే గొంతు ఎత్తాలా దించాలా అనేది) చెప్పడానికట!

సరేనని రాసుకున్నాను. నిన్న 'ఒక కుక్క' అని రాయిస్తే అదే మాట చివర ఎస్ పోయి జి వచ్చింది. ఎందుకని అడిగితే "మేం అలాగే అంటాం" అంది. ఇదీ లాట్వియన్‌లో లాగా విభక్తేనా?

ఇంకొకటి. బామ్మగారు 'చూడు' అనే మాట పలికినప్పుడు చివర్లో గొంతు చటుక్కున పట్టేసినట్టు వినిపిస్తుంది. రీగాలో మా ఇంటావిడ 'కిటికీ' అన్నప్పుడు కూడా సరిగ్గా ఇలాగే వినేదాన్ని. ఇది నా భ్రమా?

జవాబు: స్వరసంధి

భ్రమ కాదండీ, మీ చెవి బాగుంది.

ముందు ఆ ఎస్, జి సంగతి. ఇది విభక్తి కాదు, సంధి. మనకు రెండు అచ్చులు కలిసిన చోట ఒకటి మారినట్టు, హ్మాంగ్‌లో పక్క మాట స్వరాన్ని బట్టి స్వరం మారుతుంది. 'ఒకటి'ని వాళ్లు ఐ-బి అని రాస్తారు. బి అంటే పై స్వరం. దాని వెనక వస్తే 'తు'లోని కింది స్వరం (ఎస్) ఊపిరి కలిసిన జి స్వరంగా మారిపోతుంది. జె అని రాసే పైనుంచి పడే స్వరం కూడా ఇదే పని చేస్తుంది. ఒకటి నుంచి ఐదు వరకు అంకెలన్నిటికీ చివర బి ఉంటుంది, గమనించారా? కాబట్టి ఐదు కుక్కల దాకా జి. ఆరుకు చివర ఏ అక్షరమూ లేదు, అంటే మధ్య స్వరం. అక్కడ మళ్లీ ఎస్ తిరిగి వస్తుంది. ఆ అమ్మాయిని ఆరు వరకు లెక్కపెట్టమనండి.

లాట్వియన్‌లో 'సున్స్' మారడానికి కారణం వాక్యంలో ఆ మాట చేసే పని. ఇక్కడ కారణం పక్కనున్న మాట. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ లోపల ఏ పోలికా లేదు.

ఇక గొంతు పట్టేయడం. హ్మాంగ్‌లో పి-ఓ అని రాసి చివర అక్షరం మారిస్తే ఏడు మాటలొస్తాయి: బి పెడితే బంతి, జె పెడితే ఆడది, వి పెడితే విసరడం, ఎస్ పెడితే ముల్లు, జి పెడితే నానమ్మ, ఎమ్ పెడితే చూడటం, ఏదీ పెట్టకపోతే ప్లీహం. ఎమ్ స్వరం కిందికి దిగుతూ గొంతు దగ్గర బిగుసుకుంటుంది. మీరు విన్నది అదే. లాట్వియన్‌లో మూడు స్వరాలున్నాయి: సాగేది, పడేది, విరిగేది. ఉల్లికాడ, విల్లు, కిటికీ అనే మూడు మాటలూ నోట్లో 'లువక్స్' అనే వస్తాయి, తేడా అంతా స్వరంలోనే. కిటికీది విరిగే స్వరం, అందులోనూ గొంతు అలాగే బిగుస్తుంది. కాకపోతే మూడింటినీ విడివిడిగా పలికేవాళ్లు ఉత్తర లాట్వియాలోని వల్మియెరా చుట్టుపక్కల లాంటి కొన్ని చోట్లే మిగిలారు. రాతలో ఈ స్వరాలకు గుర్తే లేదు. అందుకే మీకు ఎవరూ చెప్పి ఉండరు.

హ్మాంగ్‌లో స్వరం తప్పితే మాటే మారిపోతుంది. లాట్వియన్‌లో స్వరం కొంచెం అటూ ఇటూ అయినా నెట్టుకురావచ్చు, దీర్ఘం మాత్రం తప్పకూడదు. 'కజస్' అంటే మేకలు, 'కాజస్' అంటే పెళ్లి.

జవాబు: పాత_పలక

ఆ రోమన్ రాత 1950ల మొదట్లో లావోస్‌లో మిషనరీలు తయారుచేసింది. టైప్‌రైటర్ మీద ఉన్న అక్షరాలతోనే పని జరిగిపోతుంది. హ్మాంగ్‌లో మాట చివర 'ంగ్' లాంటి ముక్కుధ్వని తప్ప వేరే హల్లు పలకరు, దాన్ని కూడా అచ్చును రెండుసార్లు రాసి చూపిస్తారు. అలా ఖాళీగా ఉన్న చివరి చోటును స్వరానికి ఇచ్చేశారు. తెలివైన ఏర్పాటు.

కానీ వీలుంటే హ్మాంగ్ కోసమే పుట్టిన పహావ్ లిపి చూడండి. 1959లో షాంగ్ లూ యాంగ్ అనే ఆయన చేశారు. అంతకు ముందు ఆయనకు ఏ భాషా చదవడం, రాయడం రాదు. మనం హల్లు రాసి దానికి గుణింతం తగిలిస్తాం. పహావ్‌లో అచ్చు ముందు రాస్తారు, హల్లు తర్వాత. చదివేటప్పుడు మాత్రం హల్లే ముందు. స్వరానికి గుర్తు అచ్చు మీదే. 1971లో ఆయన్ని చంపేశారు. ఆ లిపి గురించి ఎవరికైనా చెప్పాలనిపించినప్పుడల్లా నాకు ముందు ఆయనే గుర్తొస్తారు.

జవాబు: అట_గారు

వ్యాకరణంలో మనకు దగ్గరిది లాట్వియనే. 'మన్ పతీక్' అంటే 'నాకు నచ్చుతుంది', 'మన్ ఇర్ దర్బ్స్' అంటే 'నాకు పని ఉంది'. మాటకు మాట సరిపోతుంది. ఆయనకు బాగోలేదట అనడానికి వాళ్లు 'ఎసుఅత్' అనే క్రియారూపం వాడతారు. మన 'అట' చేసే పని అదే చేస్తుంది. హ్మాంగ్‌లో విభక్తులు లేవు. 'కు పొ కొ' అంటే నేను నిన్ను చూస్తున్నాను, 'కొ పొ కు' అంటే నువ్వు నన్ను చూస్తున్నావు. వరస మారిస్తే అర్థం తిరగబడుతుంది.

రీగా_నుంచి_సెయింట్‌పాల్

అందరికీ చాలా థాంక్స్. ఇప్పుడే పక్కింటికి వెళ్లి వచ్చాను. ఆరు వరకు లెక్కపెట్టమంటే బామ్మగారే లెక్కపెట్టారు, మనవరాలు రాసింది. ఐదు దాకా జి, ఆరు దగ్గర ఎస్! ఆ అమ్మాయి కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది, తనకూ ఇది ఇంతవరకు తెలియదట. తొమ్మిది చివర జె ఉంది. గురువారం క్లాసులో దాని దగ్గర ఏమవుతుందో తనే అడిగి రాస్తానంది.