సమస్యాపూరణం: “తగిన బండి కొన్నఁ దగవు వచ్చె”

కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం పూరించవలసిన సమస్య ఆటవెలది నాలుగవ పాదం.

తగిన బండి కొన్నఁ దగవు వచ్చె

సందర్భాన్ని కూడా ముందే చెప్పాను. ఉద్యోగానికి రోజూ నాలుగైదు కిలోమీటర్లు వెళ్ళివచ్చే భార్య కోసం భర్త తక్కువ ధరలో ఒక సైకిలు కొంటున్నాడు. తగని బండి కొంటే తగవు రావడంలో వింత లేదు. తగిన బండి కొన్నాక కూడా తగవు ఎందుకు వచ్చిందో మొదటి మూడు పాదాలలో చెప్పి చదువరిని ఒప్పించాలి. ఆలుమగలన్నాక తగవులు మామూలేనని సరిపెట్టిన పూరణలు కొన్ని వచ్చాయి. అవి సమస్యను విప్పకుండా దాటిపోయాయి గనుక ఇక్కడ చేర్చలేదు. సైకిలుకు సంబంధించిన నిజమైన కారణం ఒక్కటైనా పద్యంలో కనబడాలన్నది నా కోరిక.

మొదటి పూరణ (హైదరాబాదు సభ్యులు)

తనదు కాలి కొలతఁ దానెక్కి చూచెను;
అతివ కాలు నేల నంటదయ్యె;
ఆలి పేరు చెప్పి యంగడిన్ మగనికిఁ
దగిన బండి కొన్నఁ దగవు వచ్చె.

మీ పూరణ బాగున్నది. అభినందనలు. మూడవ పాదం చివర ‘మగనికిఁ’ అని పెట్టడంతో సమస్యలోని వైరుధ్యం తొలగిపోయింది. బండి తగినదే, అయితే తగినది మగనికి. ద్రుతం (‘మగనికిఁ’ చివర అరసున్నగా మిగిలిన నకారం) తరువాత ‘తగిన’ కాస్తా ‘దగిన’ అయినా సంధి వలన వచ్చిన మార్పు కాబట్టి సమస్యాపాదానికి లోటు లేదు. అచ్చులతో మొదలైన పాదాల విషయంలో విసంధి (సంధి చేయవలసిన చోట చేయకపోవడం) అని ఎవరైనా అడగవచ్చు. ప్రతి పాదం దగ్గరా వాక్యం ముగిసింది కనుక నాకు అభ్యంతరం కనబడలేదు.

విషయంలో మాత్రం ఒక మాట. రెండవ పాదంలో చెప్పిన లక్షణం ఒక్కటే అయితే అది బండి దోషమని నిర్ధారించలేము. సీటు మీద కూర్చుని, అడుగుకు వచ్చిన పెడలు మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా చాపుకోవాలి. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. ఆ ఎత్తులో కూర్చున్నప్పుడు ఎవరికైనా మునివేళ్ళు తప్ప పాదం మొత్తం నేలకు ఆనదు. అసలు చిక్కు సీటు ముందున్న పై గొట్టంతో వస్తుంది. ఆ గొట్టం అడ్డంగా, ఎత్తుగా ఉన్న బండి నుంచి సిగ్నలు దగ్గర చటుక్కున ముందుకు దిగి నిలబడడం చీర కట్టుకున్నవారికి సాధ్యం కాదు. కిందికి వంగిన గొట్టం ఉన్న బండిని మనవారు లేడీస్ సైకిలని పిలుస్తారు కానీ, వెనుక సామాను కట్టుకుని తిరిగే మగవారికీ అదే సౌకర్యం. కవిగారు ఆ గొట్టాన్ని పద్యంలోకి తెచ్చి ఉంటే కారణం ఇంకా బలపడేది.

రెండవ పూరణ (భీమవరం నుంచి కొత్త సభ్యులు)

గేరు లేడు కలవు కీడేమి యనుచును
చదును నేల నేడు గేరు లేల?
కొండ లేని యూరఁ గొని తెచ్చె నీతఁడు
తగిన బండి కొన్నఁ దగవు వచ్చె.

మీ ప్రయత్నానికి అభినందనలు. మంచి విషయం పట్టుకున్నారు. ‘గేరు లేడు’ అంటే గేరులు ఏడు. మొదటి పాదంలో ‘గే’కు ‘కీ’ యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరం కలవడం) చెల్లింది. రెండవ పాదంలో ‘చ’కు ‘గే’ చెల్లదు, దానికి బదులు రెండవ అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా లేదు. పైగా మొదటి పాదంలోని ‘అనుచును’ అనే మాట ఏ క్రియకూ అందకుండా మిగిలిపోయింది. మూడవ పాదం గణాలూ యతీ సరిగా ఉన్నాయి. కాని కొండ లేని ఊళ్ళో గేర్ల బండి కొన్నాడని చెప్పి వెంటనే దానినే తగిన బండి అంటే పొసగదు. మీ భావాన్ని నిలుపుతూ ఇలా సవరిద్దామా?

గేరు లేడు కలవు; కీడేమి యని చెప్పెఁ;
జదును నేల మీదఁ జాలు నొకటి;
కొండ లేని యూరఁ గొని తెచ్చెఁ గొండకుఁ
దగిన బండి కొన్నఁ దగవు వచ్చె.

మీరు వ్రాసిన మూడవ పాదంలో చివరి మాట ఒక్కటి మారితే సమస్య విడిపోయింది. డెల్టాలోని చదును ఊళ్ళకు ఒక్క గేరు చాలునన్న మీ అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ముందు 44 పళ్ళు, వెనుక 18 పళ్ళు ఉండి, చక్రం 26 అంగుళాలదయితే పెడలు ఒకసారి తిరిగేసరికి బండి సుమారు 5 మీటర్లు ముందుకు పోతుంది. ఎత్తుపల్లాలు లేని దారిలో నెమ్మదిగా ఉద్యోగానికి వెళ్ళేవారికి అది హాయైన నడక. విశాఖలోనో బంజారా హిల్స్ వైపో ఉండేవారికి గేర్లు అవసరమే. చవకరకం గేర్లు తరచుగా సర్దుబాటు కోరతాయి, ఆ పని తెలిసిన మెకానిక్కు ప్రతి వీధిలోనూ దొరకడు. ముందు ఫోర్కులో స్ప్రింగులు పెట్టి షాకబ్జార్బరని చూపించే చవక బండ్లతోనూ ఇదే ఇబ్బంది, వాటి బరువంతా తొక్కేవారి కాళ్ళ మీద పడుతుంది.

మూడవ పూరణ (విజయవాడ సభ్యురాలు)

గొలుసు కప్పు లేదు; కుచ్చిళ్ళు చిరిగెను;
బురద చిందె వీపు వరకు నెగసి;
సొంపు తరిగి పోయెఁ; జూడఁ దన ధరకుఁ
దగిన బండి కొన్నఁ దగవు వచ్చె.

అమ్మా, మీ పూరణ చాలా బాగున్నది. తన ధరకుఁ దగిన బండి అనడంలో ఎంతో నేర్పు ఉంది. ‘బురద’కు ‘వరకు’ ప్రాసయతి చక్కగా కుదిరింది. ‘సొం’కు ‘జూ’ చెల్లుతుందా అని ఒక మిత్రులు అడిగారు. చ, జ, స అక్షరాలకు పరస్పరం యతి ఉంది, ఒకార ఊకారాలకూ ఉంది కనుక చెల్లుతుంది. ‘కుచ్చిళ్ళు చిరిగెను’ అన్న రెండు మాటల పక్కన ధర గురించి ఎంత ఉపన్యాసమైనా చాలదు.

ఈ పద్యం చెప్పిన లోపాన్ని కొనేవారు దుకాణంలోనే చూడగలరు, అయినా చాలామంది చూడరు. గోడకు వేలాడదీసిన ధరల చీటీలో తక్కువ అంకె కనబడిన బండికి మడ్‌గార్డులు, స్టాండు, క్యారియరు, గొలుసు కప్పు, గంట, తాళం ఉన్నాయో లేవో ఒక్కొక్కటిగా అడగాలి. అవన్నీ తరువాత విడిగా కొంటే మొదట మిగిలిందనుకున్న సొమ్ము అక్కడే కరిగిపోతుంది. ధర విషయంలో కొనేవారికి ఒక ఊరట దొరికింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కలపకముందు 8,000 రూపాయల ధర ఉన్న బండి మీద 560 రూపాయల తేడా వస్తుంది. ఆ సొమ్మును గొలుసు కప్పు కోసమూ మంచి తాళం కోసమూ వెచ్చించమని నా సలహా.

బట్టలు చక్రంలో చిక్కుకోవడం చిన్న విషయం కాదు. మోటారు సైకిలు వెనుక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలలో 123వ నియమం చెబుతున్నది. వెనుక కూర్చున్నవారి బట్టలు చిక్కుకోకూడదన్నదే దాని ఉద్దేశం. ఆ నియమాలు సైకిలుకు వర్తించవు. చీర కట్టుకుని గానీ చున్నీ వేసుకుని గానీ తొక్కేవారికి ఆ రక్షణ కావాలా అని అడిగే బాధ్యత కొనేవారిదే.

నాలుగవ పూరణ (రాజమహేంద్రవరం సభ్యులు)

కొడుకు బడికిఁ దీసికొనిపోయె నుదయమే;
మగఁడు సంతకేగె మధ్య వేళ;
అతివ కొలువు చేర నాటోయె గతియయ్యె;
తగిన బండి కొన్నఁ దగవు వచ్చె.

పద్యం ధారగా నడిచింది. నిర్దోషంగానూ ఉన్నది. కాని బండి ఎవరికి తగినదో చెప్పకపోవడం వలన మూడవ పాదానికీ నాలుగవ పాదానికీ మధ్య వంతెన లేదు. మూడవ పాదాన్ని ‘అతివ బస్సు నెక్కె, నందఱి కిట్టులఁ’ అని మార్చితే, అందరికీ తగినది కావడమే తగవుకు మూలమని తేలుతుంది. సీటు గొట్టం కింది బిగింపును వదులు చేసి ఎత్తు మార్చుకునే వీలుంటే, పొడవులో మరీ తేడా లేని ఇంటివారికి నిజంగానే ఒకే సైకిలు సరిపోవచ్చు. ఎవరి కోసం కొన్నారో వారే దానికి దూరమవడం చాలా ఇళ్ళలో జరిగేదే.

కవి స్పందన: సవరణకు ధన్యవాదాలు. ‘ఆటో’ అనే మాట మీద మమకారంతో ఆ పాదాన్ని విడిచిపెట్టలేకపోయాను. ‘అందఱి కిట్టులఁ’ అన్న మాటతో సమస్యాపాదం నా పద్యానికి అతికింది. అలాగే స్వీకరిస్తున్నాను.

అయిదవ పూరణ (విశాఖపట్నం సభ్యురాలు)

అడుగకుండ నామె నద్భుతమని తెచ్చె;
ఎక్కి చూచు హక్కు దక్కదాయె;
తానె యెన్నుకొనెడి దారిఁ గాదన్నచోఁ
దగిన బండి కొన్నఁ దగవు వచ్చె.

ఈ వారం వచ్చిన పూరణలలో ఇది అన్నిటికంటె నాకు నచ్చింది. తక్కిన కవులు (రెండు చోట్ల నా సవరణతో) ‘తగిన’ అనే మాటకు ముందు మగనికి, కొండకు, ధరకు, అందఱికి అని ఏదో ఒకటి చేర్చి సమస్యను మళ్ళించారు. అది సంప్రదాయం ఒప్పుకున్న పద్ధతే, అందులో తప్పేమీ లేదు. ఈ కవయిత్రి మాత్రం బండి ఆమెకే తగినదని ఒప్పుకుని, వైరుధ్యాన్ని ఉన్నది ఉన్నట్లుగా నిలబెట్టి కారణం చూపించారు. రెండవ పాదంలో ‘ఎక్కి’, ‘దక్క’ అన్న ప్రాసయతికి మధ్య ‘హక్కు’ కూడా చేరి పాదానికి ఒక పట్టు వచ్చింది. ‘అద్భుతమని’ అన్నచోట ‘అందమని’ వంటి మామూలు మాట పడకపోవడం కూడా మంచిదైంది. తెచ్చినవాడి ఉత్సాహం అందులో వినిపిస్తున్నది.

1990ల మొదటి సంవత్సరాలలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు గ్రామీణ స్త్రీలు వేల సంఖ్యలో సైకిలు నేర్చుకున్నారు. నీళ్ళకూ పనికీ బడికీ ఎవరినీ బతిమాలకుండా తామే వెళ్ళగలగడం వారికి దక్కిన లాభం. కొనేది మగఁడైనా కొడుకైనా, తొక్కేవారిని దుకాణానికి వెంటబెట్టుకుని వెళ్ళి, వారు రోజూ కట్టుకునే బట్టలతోనే వీధి చివరిదాకా తొక్కి రమ్మనాలి. ఎక్కడం, దిగడం, బ్రేకు పట్టి ఆగడం, స్టాండు వేయడం వారే చేసి చూడాలి. బ్రేకు మీట వేళ్ళకు అందకపోయినా, చేతులు చాచి ముందుకు వంగవలసి వచ్చినా ఆ కాసేపటిలోనే తెలిసిపోతుంది. అప్పుడు వారికి నచ్చిన రంగు తీసుకోవడానికి వందో రెండు వందలో ఎక్కువైనా ఇవ్వవచ్చు.

కవయిత్రి స్పందన: ధన్యవాదాలండీ. మూడవ పాదంలో ‘దారిఁ గాదన్నచోఁ’ అన్నది కొంచెం బిగుసుకుపోయినట్లు నాకే అనిపించింది. ‘దారి లేకున్నచోఁ’ అంటే ఎలా ఉంటుంది?

గణాలు సరిపోతాయి, యతికీ భంగం లేదు. అయితే ‘కాదన్న’ అంటే ఎవరో అడ్డుపడ్డారని తెలుస్తుంది, ‘లేకున్న’ అంటే అవకాశమే లేదని అర్థం వస్తుంది. మీ పద్యంలో భర్త అడ్డుపడలేదు, అడగలేదు అంతే. కాబట్టి మీరు చెప్పిన ‘లేకున్నచోఁ’ అన్నదే భావానికి దగ్గరగా ఉంది, దానినే ఉంచుదాం.